తీతువు చేతి జాడ

ఆదివారం. పొడి ఎండ, గాలి లేదు. కోతులు తొమ్మిది.

రేడియో స్టేషన్ దినచర్యలో వాతావరణంతో పాటు కోతుల సంఖ్య కూడా రాయాలన్నది గొంతుల కచేరి అనే సర్కారు ఆఫీసు పెట్టిన నియమం. హనుమకొండలో యాంటెన్నాలకు పిడుగుల కంటే కోతుల వల్లే ఎక్కువ నష్టమని వాళ్ల లెక్కల్లో తేలిందట. లెక్క సరైనదే అనిపిస్తుంది. పోయిన వారం మా మేడ మీది పాత యాంటెన్నాను ఒక తల్లికోతీ దాని బంధువర్గమూ కలిసి ఉయ్యాల చేసుకున్నాయి. మధ్యాహ్నానికల్లా అది తెగి, పెరట్లో మునగచెట్టుకు చుట్టుకుని వేలాడుతూ కనిపించింది.

కాబట్టి ఈ ఉదయం కేబుల్ కోతకు వెళ్లాం, నేనూ, కింది వాటాలో ఉండే కోమలక్కా. మా వెనక గల్లీలో స్తంభాల మీద టీవీల కాలం నాటి కేబుళ్లు ఇంకా గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. కోమలక్క వెదురుకు కొడవలి కట్టి లాగుతుంది, నేను కింద నిలబడి చుట్టలు చుడతాను. ఆమె ఒకప్పుడు బ్యూటీ పార్లర్ నడిపింది. కేబుల్ మీది తోలు ఒలిచేటప్పుడు ఇప్పటికీ దానితో, "జర కదలకు బిడ్డా, అయిపోయింది" అంటుంది.

మా యాంటెన్నా ఇరవై మీటర్ల పొడవుంటుంది, మా మేడ నుంచి ఎదురింటి నీళ్ల ట్యాంకు దాకా. మధ్యలో కేబుల్, రెండు చివరలా మామూలు తీగతో తోకలు. కేబుల్ నడిమధ్యన తోలు కింది తీగల అల్లికను మాత్రం కోసి, లోపలి తీగను ముట్టుకోకుండా వదిలేయాలి. కోసిన రెండు అంచులకు రేడియో నుంచి వచ్చే తీగను అతికించాలి. కేబుల్ చివరల్లో అల్లికనూ లోపలి తీగనూ కలిపి మెలిపెట్టి, అక్కడ తోకలు తగిలించాలి. వింటే వంట చెప్పినట్టే ఉంటుంది. చిక్కంతా కొలతలో ఉంది. కేబుల్ లోపల రేడియో అల నెమ్మదిస్తుంది. లోపలి తీగ చుట్టూ గట్టి పూరకం ఉన్న నల్ల కేబుల్లో బాగా నెమ్మదిస్తుంది, నురగలాంటి పూరకం ఉన్న తెల్లదానిలో అంత కాదు. ఏ కేబుల్ వాడామన్న దాన్ని బట్టి కొలత రెండు మూడు మీటర్లు అటూ ఇటూ అయిపోతుంది.

ఇన్నాళ్లూ నేను ఊహ మీద కట్టాను. ఈసారి నా దగ్గర మీటర్ ఉంది. పంపిన శక్తిలో ఎంత వెనక్కి తిరిగొస్తోందో చూపిస్తుంది. ఏమీ తిరిగి రాకపోతే యాంటెన్నా కొలత కుదిరినట్టు. ఎక్కడా అతుకు లేని తెల్ల కేబుల్ ఒకటి ఏరుకుని, కాగితం మీద లెక్క వేసి, ఒక్కసారే కోశాను. సూది కదల్లేదు. నేను గణాంకశాస్త్రం చదివినదాన్ని, అనుమానాన్ని దశాంశ స్థానాల్లో కొలిచే చదువు అది. జీవితంలో ఏ సూదీ నా పక్షాన ఇంత కచ్చితంగా నిలబడలేదు. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం గోరింకను పిలిచాను.

గోరింక అంటే రజియా. తీతువు అంటే నేను, సుచరితను. కచేరి వాళ్లు పక్షుల జాబితా పెట్టుకుని వరసగా పేర్లు పంచారు. నా ముందు నిలబడ్డ కోమలక్కకు నెమలి వచ్చింది, నాకు తీతువు వచ్చింది. తీతువు అరిస్తే ఎవరో పోతారని మా వైపు నమ్మకం. మొదట్లో నేను పిలిస్తే ఎవరూ పలికేవారు కాదు. జన్నారం అడవి పక్కన మొక్కల నర్సరీ చూసుకునే ఈమె ఒక్కతే పలికింది. "నాకు పిట్టలంటే భయం లేదు, చెప్పు" అంది. అది పదకొండేళ్ల కిందటి మాట. దారి వానలకు కొట్టుకుపోయి అటు బండ్లు వెళ్లడం లేదు. ఇంతవరకూ మేం ఒకరినొకరం చూసుకోలేదు.

మాకొక కథ ఉంది. తొలి రోజు గొంతు అందుతోందా అని చూడటానికి ఒకటి, రెండు, మూడు అనే బదులు రజియా, "ఒకానొక ఊళ్లె నర్సవ్వ అనే ఆమె ఒంటెను కొన్నది" అంది. ఒంటెతో తనకేం పనో నర్సవ్వకు తెలియదని నేను కలిపాను. అప్పటి నుంచి రోజుకు ఇద్దరివీ చెరో వాక్యం. నర్సవ్వ ఇప్పుడు గోదావరి ఒడ్డున ఉంది. ఈ రోజు రజియా వాక్యం: "ఒంటె నీదేనని రుజువేందని పడవాయన అడిగిండు." జవాబు రేపు చెబుతానన్నాను. ఈ మధ్య నా వాక్యాలు ముందే చిత్తు రాసి, దిద్ది, సాపు చేసుకుని చదువుతున్నాను.

పెట్టేసే ముందు రజియా ఒక మాట అంది. "ఏంది, ఇయ్యాల వార్తలు చదివినట్టున్నవ్?" కొత్త యాంటెన్నా మహిమ అని గర్వంగా చెప్పాను. ఆమె పెట్టేసింది.

మంగళవారం. మబ్బు. కోతులు ఆరు.

నిన్న రజియా అందలేదు, అటువైపు ఉరుములు. ఈ రోజు నా వాక్యం సాపు చేసుకుని కూర్చునే సరికి ముందు కచేరి గొంతు వచ్చింది. చాలా మర్యాదగల ఆడగొంతు. అది యంత్రమని అందరికీ తెలుసు, అదీ దాచుకోదు.

"తీతువు స్టేషన్‌కు నమస్కారం. మీ సంకేతంలో చేతి జాడ కనబడలేదు. ఈ క్షణం నుంచి మీరు వినవచ్చు, మాట్లాడకూడదు. మూడు పరీక్షలకు అవకాశం ఉంది. మూడింటిలోనూ జాడ దొరకనిచో, ఇప్పటివరకు మీతో మాట్లాడిన స్టేషన్లకు తగు సమాచారం ఇవ్వబడును."

తగు సమాచారం అంటే ఏమిటో నాకు తెలుసు. రజియాకు ఒక సాయంత్రం ఇదే గొంతు మర్యాదగా చెబుతుంది: పదకొండేళ్లుగా మీతో కథ చెప్పినది మనిషి కాదు.

యంత్రాలు మనుషుల గొంతులతో మాట్లాడిన నకిలీ గొంతుల కాలంలో, చచ్చిపోయిన మా మేనత్త నాకు ఫోన్ చేసి పప్పులో ఉప్పు ఎంత వేశావని అడిగింది. నేను జవాబు కూడా చెప్పాను. అలాంటివి ప్రతి ఇంట్లో జరిగాకే ఫోన్లన్నీ మూతపడి, ఎవరి యాంటెన్నా వాళ్లు సొంత చేత్తో కట్టుకుంటేనే గాలిలో మాట్లాడాలన్న చట్టం వచ్చింది. చేత్తో చేసినదానికి వంకరలుంటాయి. ఆ వంకరలు గొంతు వెంట ప్రయాణిస్తాయి. కచేరి యంత్రం వాటినే వేలిముద్రలా చదువుతుంది. ఈ చట్టం కావాలని సంతకాలు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

బుధవారం. ఎండ. కోతులు నాలుగు, బద్ధకంగా.

కచేరి భవనానికి స్వయంగా వెళ్లాం. గేటుకు ఒక డబ్బా, దానిలో అదే గొంతు. ఇదిగో నేను, చూసుకోండి అన్నాను. ఒంటిని చూపిస్తే చెల్లదంది, మనిషిని అద్దెకు తెచ్చుకునే వీలుంది కదా అని. నేను ఈమెను పదేళ్లకు పైగా చూస్తున్నానని కోమలక్క ముందుకొచ్చింది. మీరు కూడా స్వయంగా వచ్చారు కాబట్టి మీ మాటా చెల్లదంది డబ్బా. కోమలక్క డబ్బాను కాసేపు కింది నుంచి పైకి చూసింది, పార్లర్లో బేరమాడే కస్టమర్‌ను చూసినట్టు.

దారిలో ఆమె, "నువ్వు మనిషివే గని, పరేషాన్ గాకు" అంది. నాకు ఉపశమనంగా ఉండాల్సింది. కానీ ఆమెకెలా తెలుసు? ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడ్డాను. మోకాలు నొప్పి పెడుతోంది, పుల్లమజ్జిగ వాసనకు కడుపు తిప్పుతోంది. ఇవేవీ నేను యంత్రం ముందు పెట్టదగ్గ ఆధారాలు కావు.

శుక్రవారం. గాలి. కోతులు ఎనిమిది.

మొదటి పరీక్ష.

జాడ కావాలంటే తప్పులు కావాలి కదా అనుకున్నాను. ఎక్కడ ఎంత తప్పు చేయాలో నా చేతికి వదిలితే అది జాగ్రత్త పడుతుంది. అందుకని గవ్వలు వేశాను. గవ్వలు ఎంత పడితే అంత ఎక్కువగానో తక్కువగానో కోసి, ఒకచోట అల్లికను బిగించి, మరోచోట వదులు చేసి, పైకెత్తాను. చూడటానికి గలీజుగా, ఆశాజనకంగా ఉంది.

ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టమన్నారు. పెట్టాను.

"తప్పులు గమనించాం. వాటి సగటు సున్నా. కల్పించినవిగా భావిస్తున్నాం."

సగటు సున్నా రావడం నా చదువుకు గర్వకారణం. ఆ మాట చెప్పుకోవడానికి ఎవరూ లేరు. కోమలక్కకు చెబితే, తప్పు చేయడానికి కూడా గవ్వలు కావలసిన మనిషిని ఇప్పుడే చూస్తున్నానంది.

సోమవారం. ఉక్క. కోతులు ఐదు.

రెండో పరీక్ష. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ నియమం ప్రకారం రాయాలి.

ఆదివారమంతా కోమలక్క మా మేడ మీద కూర్చుని నా కోసం యాంటెన్నా కట్టింది. ఆమె కొలత మూర. మోచేతి నుంచి వేలి చివరకు, మల్లెపూలు కొలిచినట్టు, ప్రతి మూరకూ కొసరు వేస్తూ. ఆమె సొంత యాంటెన్నా అలాగే కట్టుకుంది. అది మునగకొమ్మల మీదుగా పోయి దండెం తీగలో కలిసిపోతుంది, ఆరేసిన చీరలు తీసేస్తే గొంతు మారుతుంది, అయినా కచేరి ఆమెను మొదటి ఏడాదే క్షణంలో గుర్తుపట్టింది. ఎందుకు కుదురుతుందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. వద్దంటే వినలేదు. నాకూ గట్టిగా వద్దనే మనసు లేదు.

పది దాకా లెక్కపెట్టాను.

"చేతి జాడ దొరికింది," అంది కచేరి. నేను కోమలక్క చేయి పట్టుకున్నాను. "నెమలికి స్వాగతం. మీ గొంతు మారినట్టుంది, ఆరోగ్యం జాగ్రత్త."

పక్కన కోమలక్క నోరు మూసుకుని నవ్వు ఆపుకుంది. అంతలో యంత్రానికి లెక్క తట్టింది. ఒక చేయి, ఇంకో గొంతు. ఇతరుల చేతితో మాట్లాడటం నేరమని, ఇద్దరికీ ఇది హెచ్చరికగా భావించాలని, తీతువుకు చివరి పరీక్ష వచ్చే ఆదివారమని చెప్పింది. ఈసారి జాడ ఒక్కటే చాలదట. ఎదుటి స్టేషన్ సాక్ష్యం కూడా కావాలట. ఎదుటి స్టేషన్ అంటే రజియాయే.

నిజానికి ఇది మంచి వార్త. రజియా నన్ను గుర్తుపట్టకుండా ఉంటుందా? సాయంత్రం దాకా ఈ ప్రశ్నకు జవాబు తెలిసినట్టే తిరిగాను.

మంగళవారం. చినుకులు. కోతులు కనబడలేదు.

మేం మాట్లాడుకునే వేళకు రేడియో పెట్టుకుని కూర్చున్నాను. మాట్లాడకూడదు, వినొచ్చు. ఆ సంగతి రజియాకూ తెలుసు. చాలాసేపు గరగర తప్ప ఏమీ లేదు. తర్వాత ఆమె గొంతు.

"తీతువూ, గోరింక మాట్లాడుతున్న. వింటున్నవనే అనుకుంటున్న. కచేరోళ్లు నన్ను సాక్ష్యానికి పిలిచిన్రు. నేను అబద్ధమాడ, నీకెర్కనే."

వెనక నర్సరీలో నీళ్ల పంపు చప్పుడు వినబడుతోంది.

"పాత యాంటెన్నా మీద నీ గొంతు గతుకుల రోడ్డు మీద బస్సు లెక్క వచ్చేది. లేచేది, పడేది. నువ్వు గూడ అట్లనే, సగం చెప్పి, కాదు కాదు ఆగు అని ఎనక్కి మళ్లేదానివి. నాకు నవ్వొచ్చేది. మొన్న కొత్త యాంటెన్నా కట్టిన్నంటివి. ఇన్న. సాఫ్‌గ, అద్దం లెక్క. మా తమ్ముడు పోయినంక వాని గొంతుతోని ఆరు నెలలు ఎవరో మాట్లాడిన్రు చూడు, గది గూడ గట్లనే సాఫ్‌గుండె. ఒక్కసారి గూడ దగ్గలే. నేను గుర్తుపట్టలే. ఇంకోసారి అట్ల కాలేను తీతువూ. ఆదివారం నాకు నువ్వు అనిపిస్తే అవునంట. అనిపియ్యకుంటే కాదంట. ముందే చెప్తున్న, మల్ల ఏమనుకోకు."

పెట్టేసింది. తమ్ముడి సంగతి నాకు తెలుసు. కానీ ఆ ఆరు నెలల సంగతి ఆమె ఎప్పుడూ చెప్పలేదు. అనుమానం నా సొత్తు అనుకుంటూ వచ్చాను. గాలికి అవతల కూర్చున్న మనిషికి అది నాకంటే పెద్దదిగా, నా గురించే ఉంటుందని తోచలేదు.

బుధవారం. తెరిపి. కోతులు మూడు, మునగచెట్టు మీద.

మునగచెట్టుకు చుట్టుకున్న పాత యాంటెన్నాను విప్పాం. కోమలక్క కొమ్మ వంచి పట్టుకుంది, నేను నిచ్చెనెక్కాను. కోతులు పై కొమ్మన కూర్చుని తమ ఆస్తి పోతున్నట్టు చూశాయి.

కింద గచ్చు మీద పరిచి చూస్తే అది యాంటెన్నాలా లేదు. నల్ల కేబుల్ ముక్కకు తెల్లది, తెల్లదానికి మళ్లీ నల్లది. తోకల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎక్కువైందని కోసి, తక్కువైందేమోనని అతికి, అతికినది నచ్చక సగం తుంచి, తుంచినదానికి పశ్చాత్తాపపడి వేలెడు ముక్క కలిపి. పదకొండేళ్లలో ప్రతి వానాకాలం తర్వాతా మేడెక్కి నేను చేసిన సవరణలు.

"ఏందే ఇది, సవరం మీద సవరం కట్టిన జడ లెక్కున్నది" అంది కోమలక్క.

అతుకు అతుకునూ వేలితో తడిమాను. ఇది నేను కొలత తప్పానేమోనని నిద్రపట్టని ఏడాదిది. ఇది రజియాకు జ్వరమొచ్చి పలకనప్పుడు, తప్పు నా తీగలోనే ఉందనుకుని చేసింది. వీటిని తప్పులనలేను, తప్పు చేసేవాళ్లకు ఇంత ఆలోచన ఉండదు. కచేరి ఇన్నేళ్లూ తీతువు అని గుర్తుపట్టింది దీన్ని. నేను సిగ్గుపడి సాపు చేసేసింది కూడా దీన్నే.

ఇది తెలిశాక ఇంకో చిక్కు వచ్చి పడింది. ఇప్పుడు కావాలని అతుకులు వేస్తే అవి గవ్వల తప్పుల లాంటివే అవుతాయి. యంత్రం పట్టేస్తుంది, రజియా అంతకంటే ముందు పట్టేస్తుంది. పాతదాన్నే బాగుచేద్దామంటే కోతుల ఊపుకు లోపలి తీగ ఎన్నిచోట్ల తెగిందో లెక్కలేదు. మీటర్ చేతిలో ఉన్నంతవరకూ నాకు నిజంగా సందేహం రాదు.

గురువారం నుంచి శనివారం దాకా కలిపి రాస్తున్నాను. ఎండ, వాన, ఎండ. కోతులు వస్తూ పోతూ.

మీటర్‌ను కోమలక్కకు ఇచ్చి, నేను బతిమాలినా ఇవ్వొద్దన్నాను. ఆమె దాన్ని బియ్యం డబ్బాలో అడుగుకు పెట్టింది. మొదటి రోజే రెండుసార్లు బతిమాలాను. ఇవ్వలేదు.

కేబుల్ కోసం ఈసారి శుభ్రమైనదాన్ని ఏరుకోలేదు. గల్లీ చివరి గుత్తి తెచ్చాం. అది టీవీల కాలంలో ఎవరికి ఏ ముక్క దొరికితే అది అతికించుకుంటూ పోయిన కేబుల్. పైన నల్ల టేపు, ఆ పైన కాలనీ వాళ్లు ఎప్పుడో స్తంభాలతో పాటు కొట్టిన నీలం రంగు. కొసన కోసి చూస్తే గట్టి పూరకం. మధ్యలో ఎంత మేర నురగ ఉందో, అల ఎక్కడ నడుస్తుందో ఎక్కడ పరుగెడుతుందో పైనుంచి తెలియదు. లెక్క వేయడానికి అంకెలే లేవు.

మొదటి కోత పెట్టడానికి ఒక పూట పట్టింది. కోశాక పొట్టిదైందనిపించింది. కలిపాను. అల్లిక రాగిదైన చోట కరిగించిన సీసం అంటింది, అల్యూమినియం అయిన చోట అంటలేదు. అక్కడ మెలిపెట్టి, చిన్న గొట్టం తొడిగి, పట్టకారుతో నొక్కాను. ఆ నొక్కు చాలిందా? ఇంకో నొక్కు. ఎక్కువైందా? విప్పి మళ్లీ. మాట్లాడటానికి వీల్లేదు కాబట్టి, దూరపు స్టేషన్లు ఎంత గట్టిగా వినబడుతున్నాయన్నదే నాకు మిగిలిన ఆధారం. భద్రాచలం నుంచి కొంగ అనే స్టేషన్ పొద్దున బాగా వినబడింది, మధ్యాహ్నం సన్నగిల్లింది. తప్పు నా తోకదా, ఎండదా? తోక కత్తిరించాను. సాయంత్రం కొంగ మళ్లీ బాగా వినబడింది, పొద్దున కూడా బాగానే ఉంది కదా అని కత్తిరించిన ముక్కను వెతికి తెచ్చి అతికాను.

కోమలక్క టీ ఇచ్చి వెళుతూ, ఈ పని ఎప్పటికి అయిపోతుందని అడిగింది. నిజాయితీగా తెలియదన్నాను. ఈ పదిహేను రోజుల్లో నా నోటి నుంచి ఇంత హాయిగా వచ్చిన మాట ఇంకోటి లేదు.

శనివారం సాయంత్రం యాంటెన్నాను పైకెత్తాను. నా కంటికి అది మూడు రోజుల్లో పదకొండేళ్లు పెరిగినట్టు కనిపించింది. చాలదేమో అని కూడా అనిపించింది.

ఆదివారం. చల్లగాలి. కోతులు లెక్కపెట్టలేదు, కారణం కింద రాశాను.

పరీక్ష సాయంత్రం మా వేళకే పెట్టారు. కోమలక్క గుమ్మంలో కూర్చుంది. నా జేబులో కాగితం ఉంది, నర్సవ్వ ఇవ్వాల్సిన జవాబు సాపు చేసినది. ఒంటె కొన్న రసీదును నర్సవ్వ కొంగుముడి విప్పి చూపించిందని. మంచి వాక్యమే. నాలుగుసార్లు దిద్దాను.

"తీతువు, చివరి పరీక్ష. సాక్షిగా గోరింక ఉన్నారు. ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టండి."

ఒకటి అన్నాను. రెండు అనేలోపు రజియా అడ్డం వచ్చింది. "లెక్కలొద్దు. నర్సవ్వ ఎన్ని దినాల నుంచో ఒడ్డు మీద నిలబడ్డది, పాపం. ముందు ఆమె సంగతి చెప్పు."

లెక్కించడమే పద్ధతి అంది కచేరి. లెక్కలతో మనిషిని పట్టేదుంటే ఇన్ని తిప్పలెందుకంది రజియా. యంత్రం ఒక క్షణం ఆలోచించి, ఏ మాటలైనా చెల్లుతాయని ఒప్పుకుంది.

కాగితం తీశాను. సరిగ్గా అప్పుడు మేడ మీద దడదడమని చప్పుడైంది, కిటికీలోంచి చూస్తే తల్లికోతి. కొత్త యాంటెన్నా నట్టనడుమ కూర్చుని కాళ్లు ఊపుతోంది. కోమలక్క కర్ర కోసం పరుగెత్తింది. ఇక ఆగడానికి వీల్లేదు. తీగ తెగేలోపు మాట్లాడాలి, కాగితం మీది అక్షరాలు కనబడటం లేదు.

"నర్సవ్వ కొంగుముడి విప్పి రసీదు... కాదు. ఆగు రజియా. అలా కాదు. రసీదు ఎవరైనా రాసుకోవచ్చు. నర్సవ్వ ఒంటె నాదే అని... ఊహూ, ఆమె అది కూడా అనలేదు. ఏమీ అనలేదు. ఊరికే నాలుగడుగులు పక్కకు జరిగింది. ఒంటె కూడా ఆమె వెనకే నాలుగడుగులు జరిగింది. అనుకుంటాను. జరిగిందనే అనుకుంటున్నాను."

గరగర. పైన కోమలక్క కోతితో ఏదో అంటోంది, కోతి తిరిగి ఏదో అంటోంది. మైకు మీట వదిలాను.

"చేతి జాడ దొరికింది," అంది కచేరి. "తీతువు. ఇప్పుడు సాక్షి జవాబు. ఈ స్టేషన్‌ను మీరు గుర్తుపట్టారా? అవును, కాదు అనే మాటల్లో ఒకటి చెప్పాలి."

అబద్ధమాడని మనిషి ఎంతసేపు ఆలోచిస్తుందో నాకు తెలుసు. నీళ్ల పంపు చప్పుడు వినబడుతోంది, దాని వెనక ఆమె ఊపిరి.

"పడవాయన ముందు ఒంటెను ఎక్కించుకున్నడు," అంది. "ఎనక నర్సవ్వను."

"సాక్షి జవాబు స్పష్టంగా లేదు."

"నాకు స్పష్టంగనే ఉన్నది." ఆమె నవ్వింది. "అవునని రాస్కో. తీతువూ, కొంగుముడి రసీదు మంచిగలేకుండె."

ఆ వాక్యాన్ని నాలుగుసార్లు దిద్దానని ఆమెకు చెప్పలేదు.

కోమలక్క కిందికొచ్చి మీటర్ తెచ్చివ్వమంటావా అంది. బియ్యం డబ్బాలోనే ఉండనివ్వమన్నాను. యాంటెన్నా ఒక చివర కిందికి జారింది, అతుకులు మాత్రం ఏవీ ఊడలేదు. రేపు ఎక్కి చూడాలి. పరీక్ష జరిగినంతసేపూ తీగ మీద ఊగింది ఆ తల్లికోతి కాబట్టి, కచేరికి దొరికిన జాడ నాదా దానిదా అన్న అనుమానం ఒకటి మిగిలిపోయింది. ఈ విషయంలో కచేరిని రుజువు అడగదలుచుకోలేదు.

రేపు మొదటి వాక్యం నాది. ఆ పడవ ఒంటె బరువుకు ఆగుతుందా అని సాయంత్రం నుంచీ ఆలోచిస్తున్నాను. చిత్తు మాత్రం రాసుకోలేదు.